‘ద ప్రిజనర్’ సిరీస్‌ను డిస్కు మీద మళ్ళీ చూడటం ఎలా?

బ్రిటిష్ టెలివిజన్‌లో 1967 సెప్టెంబరు 29న మొదలై 1968 ఫిబ్రవరి మొదట్లో ముగిసిన ‘ద ప్రిజనర్’ మొత్తం 17 ఎపిసోడ్లు. కారణం చెప్పకుండా ఉద్యోగానికి రాజీనామా చేసిన ఒక గూఢచారిని ఇంట్లోనే మత్తు వాయువుతో పడగొట్టి, మనుషులకు పేర్ల బదులు నంబర్లుండే ‘విలేజ్’ అనే అందమైన నిర్బంధానికి తరలిస్తారు. ఎందుకు రాజీనామా చేశావన్నది వాళ్ళ ప్రశ్న, ఎవరి చేతిలో ఉన్నానన్నది అతని ప్రశ్న. ప్యాట్రిక్ మెగూహన్ నంబర్ సిక్స్ అనే ఆ గూఢచారిగా నటించడమే కాక, నిర్మాణంలోనూ రచనలోనూ దర్శకత్వంలోనూ తానే ముందుండి నడిపించిన సిరీస్ ఇది.

ఒకసారి చూసినవారికి ముగింపు తెలుసు కనుక, రెండోసారి చూసేటప్పుడు ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఉత్కంఠ పనికిరాదు. ఎపిసోడ్లను ఏ వరుసలో చూడాలో ప్రేక్షకుడే తేల్చుకోవలసిన సిరీస్ ఇది కాబట్టి, ఆ వరుసను తెర మీది ఆధారాలతో నిర్ణయించుకోవడమే ఈసారి అసలు పని. అందుకు స్ట్రీమింగ్ కంటే డిస్కు చాలా అనుకూలం. ఇక్కడి నుంచి కథలోని మలుపులు కొన్ని బయటపడతాయి కనుక, ఇంతవరకు చూడనివారు ముందు ఒకసారి చూసి రావడం మంచిది.

1. సెట్ కొనే ముందు రీజియన్ చూసుకోండి

డిస్కుల మీద ఉండే రీజియన్ కోడ్‌ను పట్టించుకోకుండా కొంటే డబ్బు వృథా అవుతుంది. డీవీడీలకు అమెరికా రీజియన్ 1, బ్రిటన్ రీజియన్ 2, ఆస్ట్రేలియా రీజియన్ 4, భారతదేశం రీజియన్ 5. బ్లూ-రేకు వచ్చేసరికి అమెరికా ఏ, బ్రిటన్, ఆస్ట్రేలియా బి, భారతదేశం సి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న మామూలు ప్లేయర్‌లో బ్రిటన్ నుంచి తెప్పించిన రీజియన్ బి బ్లూ-రే ఆడకపోవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువారికి బ్రిటిష్ సెట్‌తోనూ ఇదే చిక్కు వస్తుంది. అన్ని రీజియన్లనూ ఆడించే ప్లేయర్ కొనడం ఒక దారి, ఏ రీజియన్ ఆంక్షా లేని డిస్కు అని అమ్మేవారితో ముందే రూఢి చేసుకోవడం మరో దారి.

ఈ సిరీస్ 35 ఎం.ఎం. రంగుల ఫిల్మ్ మీద తయారైంది కనుక, 2009లో వచ్చిన బ్లూ-రేలో డీవీడీ కంటే చాలా ఎక్కువ వివరం కనిపిస్తుంది. ఆ సెట్‌ను బ్రిటన్‌లో విడుదల చేసిన నెట్‌వర్క్ సంస్థ 2023లో మూతపడింది కాబట్టి, దాని సెట్లు ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. అలా కొనేటప్పుడు పెట్టెలో డిస్కులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్ని దీపం వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని అడుగువైపు గీతలున్నాయేమో చూడండి. ‘ఆరైవల్’, ‘ద చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’ ఎపిసోడ్లకు ప్రసారమైనవి కాక తొలి కూర్పులు కూడా ఉన్నాయి. అవి అదనపు అంశాలుగా చేరిన సెట్‌కు కొంచెం ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

2. టీవీ సెట్టింగులు సరిచేయండి

బొమ్మను 4:3 నిష్పత్తిలోనే ఉంచాలి. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయని జూమ్ చేస్తే, పాత్రల నుదుళ్ళూ, కోటు మీద బిళ్ళ మీది నంబర్లూ కోసుకుపోతాయి. నంబర్లే కథగా నడిచే సిరీస్‌లో అది చిన్న నష్టం కాదు. కదలికలను నునుపుగా చూపించే ‘మోషన్ స్మూతింగ్’ వంటి సదుపాయాన్ని ఆపేసి, షార్ప్‌నెస్‌ను తగ్గించండి. ఇంకొక సంగతి, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీసిన ఫిల్మ్‌ను, బ్రిటన్ టీవీల్లో వాడిన పాల్ (PAL) పద్ధతి డీవీడీలో 25 ఫ్రేములకు పెంచితే నడక సుమారు 4 శాతం వేగవంతమై, గొంతులు కొద్దిగా సన్నబడవచ్చు. సంభాషణలు వేగంగా సాగుతాయి కనుక, ఇంగ్లీష్ సబ్‌టైటిళ్ళు ఉంటే పెట్టుకోవడానికి మొహమాటపడనవసరం లేదు.

3. ముందుగా ‘డేంజర్ మ్యాన్’లోని రెండు ఎపిసోడ్లు చూడండి

మెగూహన్ అంతకుముందు ‘డేంజర్ మ్యాన్’ అనే సిరీస్‌లో జాన్ డ్రేక్ అనే గూఢచారిగా నటించారు. నంబర్ సిక్స్ ఆ డ్రేకేనా అన్నది నేటికీ తెగని వాదం. డ్రేకేనని ‘ద ప్రిజనర్’కు స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేసిన జార్జ్ మార్క్‌స్టీన్ అంటే, మెగూహన్ కాదన్నారు. ఎవరి మాట నమ్మినా, 1960 నాటి ‘వ్యూ ఫ్రమ్ ద విల్లా’ చూడటం మాత్రం అవసరం. వేల్స్‌లో ఉన్న పోర్ట్‌మేరియన్‌ను అందులో ఇటలీ ఊరుగా చూపించారు. తర్వాత విలేజ్‌గా మారినది ఆ చోటే. 1964 నాటి ‘కాలనీ త్రీ’లో శత్రుదేశం తన గూఢచారులకు శిక్షణ ఇవ్వడానికి కట్టుకున్న నకిలీ ఇంగ్లీష్ ఊరు కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళలేని ఊరు అన్న బీజం అక్కడే పడిందని నాకు అనిపిస్తుంది.

4. చూసే వరుసను మీరే రాసుకోండి

‘ద ప్రిజనర్’ చిత్రీకరణ వరుస వేరు, ప్రసారమైన వరుస వేరు. డిస్కు మెనూలో ‘అన్నీ వరుసగా ఆడించు’ అన్న మీట నొక్కితే, ప్రచురణకర్త పెట్టిన వరుసే మీకూ గతి అవుతుంది. కాబట్టి ఆ మీట జోలికి పోకుండా, కాగితం మీద 17 పేర్లూ రాసుకుని ఆధారాలు వెతకడం మొదలుపెట్టండి.

బ్రిటన్‌లో ఎనిమిదవదిగా ప్రసారమైన ‘డాన్స్ ఆఫ్ ద డెడ్’లో, ఇక్కడికి నేను కొత్త అని నంబర్ సిక్స్ స్వయంగా అంటాడు. అప్పటికే ఏడు ఎపిసోడ్ల పాటు తప్పించుకోవడానికి రకరకాలుగా ప్రయత్నించినవాడు ఆ మాట అనడం పొసగదు, కనుక దాన్ని ‘ఆరైవల్’ తర్వాత వెంటనే పెట్టాలి. తొమ్మిదవదిగా వచ్చిన ‘చెక్‌మేట్’ కూడా ముందుకు జరగవలసిందే. ఊళ్ళో ఖైదీ ఎవరో కాపలావాడు ఎవరో వాళ్ళు వేసే ఎత్తులను బట్టి, నడిచే తీరును బట్టి గుర్తుపట్టడం అందులో అతను నేర్చుకుంటాడు. ఆ పాఠం అంత ఆలస్యంగా అందితే ఉపయోగం ఏముంది?

ఇంకా సన్నటి ఆధారం ఒకటి ఉంది. చాలా ఎపిసోడ్ల ప్రారంభంలో ‘నువ్వెవరు?’ అని నంబర్ సిక్స్ అడిగితే, ‘కొత్త నంబర్ టూని’ అని జవాబు వస్తుంది. నంబర్ టూ అంటే విలేజ్‌ను నడిపే అధికారి. కాలిన్ గోర్డన్ నంబర్ టూగా నటించిన ‘ద జనరల్’లోనూ ఇదే జవాబు, కానీ ఆయనే నటించిన ‘ఏ బీ అండ్ సీ’లో మాత్రం ‘నేను నంబర్ టూని’ అని మాత్రమే ఉంటుంది, ‘కొత్త’ అన్న మాట ఉండదు. అంటే ఆ మనిషి పదవికి అప్పటికే పాతవాడయ్యాడు. ఈ లెక్కన ‘ద జనరల్’ ముందు రావాలి, కానీ ప్రసారంలో అది ఆరవది, ‘ఏ బీ అండ్ సీ’ మూడవది. రెండింటినీ ఒకదాని వెంట ఒకటిగా చూస్తే, పైనుంచి వచ్చే ఫోన్‌కు వణికిపోయే ఆ అధికారి పతనం ఒకే కథలా కనిపిస్తుంది.

క్యాలెండర్లు కూడా గమనించండి. ‘ద స్కిజాయిడ్ మ్యాన్’లో ఫిబ్రవరి 10 అని తేదీ కనిపిస్తుంది. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’లో నంబర్ సిక్స్ తెప్ప మీద 25 రోజులు సముద్రంలో గడిపి, పుట్టినరోజైన మార్చి 19కి ఒక రోజు ముందు లండన్ చేరుకుంటాడు (ఆ తేదీ మెగూహన్ సొంత పుట్టినరోజు కూడా). ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కాలం చక్కగా కలుస్తుంది.

వీటన్నిటినీ కూడగడితే నాకు నచ్చిన వరుస ఇలా వస్తుంది: ‘ఆరైవల్’, ‘డాన్స్ ఆఫ్ ద డెడ్’, ‘చెక్‌మేట్’, ‘ఫ్రీ ఫర్ ఆల్’, ‘ద చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’, ‘ద స్కిజాయిడ్ మ్యాన్’, ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’, ‘ద జనరల్’, ‘ఏ బీ అండ్ సీ’, ‘ఎ చేంజ్ ఆఫ్ మైండ్’, ‘ఇట్స్ యువర్ ఫ్యునరల్’, ‘హ్యామర్ ఇంటూ ఆన్విల్’, ‘డూ నాట్ ఫర్‌సేక్ మీ ఓ మై డార్లింగ్’, ‘లివింగ్ ఇన్ హార్మొనీ’, ‘ద గర్ల్ హూ వాజ్ డెత్’, ‘వన్స్ అపాన్ ఎ టైమ్’, ‘ఫాల్ అవుట్’. ‘హ్యామర్ ఇంటూ ఆన్విల్’ను వెనక్కి జరపడానికి క్యాలెండర్ ఆధారమేమీ లేదు. అప్పటిదాకా తనను కాచుకోవడంతోనే సరిపోయిన మనిషి అందులో ఎదురుదాడికి దిగి నంబర్ టూ మనసునే విరగ్గొడతాడు కనుక, అది ఆలస్యంగా వస్తేనే బరువు ఉంటుందన్నది నా అభిప్రాయం. మీ ఆధారాలు మరోలా చెబితే అలాగే మార్చుకోండి.

5. రోజుకొకటి చొప్పున చూడండి, ఒక్క రాత్రి మాత్రం రెండు

ఒక్కో ఎపిసోడ్ సుమారు 50 నిమిషాలు. ప్రతిసారీ కొత్త నంబర్ టూ, కొత్త పన్నాగం, చివరికి మళ్ళీ అదే నిర్బంధం. వరుసగా నాలుగైదు చూస్తే ఆ పునరావృతం విసుగు పుట్టిస్తుంది, రోజుకొకటి చూస్తే అదే ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ‘డూ నాట్ ఫర్‌సేక్ మీ’ను మాత్రం ఓపికతో దాటాలి. మెగూహన్ అప్పుడు ఒక హాలీవుడ్ సినిమా షూటింగ్‌లో ఉండటంతో, నంబర్ సిక్స్ మనసును వేరే మనిషి శరీరంలోకి మార్చినట్టు కథ అల్లి, చాలాభాగం నైజెల్ స్టాక్ చేత నటింపజేశారు. సిరీస్‌లో అన్నిటికంటే బలహీనమైనది అదే.

‘వన్స్ అపాన్ ఎ టైమ్’, ‘ఫాల్ అవుట్’ రెండింటినీ ఒకే రాత్రి చూడాలి. కథలో ఒకదాని వెంటనే మరొకటి జరిగినా, మొదటిది తొలి విడత 13 ఎపిసోడ్లలోనే పూర్తయింది, రెండవది చాలా కాలం తర్వాత తయారైంది. ఈలోగా నంబర్ టూగా నటించిన లియో మెకర్న్ గడ్డం తీసేశారు. ‘ఫాల్ అవుట్’లో నురుగు పట్టించి ఆయనకు గడ్డం గీసే సన్నివేశం ఎందుకుందో, రెండూ వెంటవెంటనే చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది. ‘లివింగ్ ఇన్ హార్మొనీ’లో కనిపించిన అలెక్సిస్ కానర్, ‘ద గర్ల్ హూ వాజ్ డెత్’లో కనిపించిన కెన్నెత్ గ్రిఫిత్ ఇందులో వేరే పాత్రల్లో తిరిగి వస్తారు.

6. పాజ్ మీటను వాడుకోండి

టైటిల్ దృశ్యంలో మెగూహన్ బల్ల మీద పిడికిలితో గుద్దే చోట ఆపండి. దాని మీద పెట్టిన సాసర్ ముక్కలవుతుంది. బల్లకు అవతల, నోరు మెదపకుండా కూర్చున్న బట్టతల, కళ్ళజోడు మనిషి స్వయంగా జార్జ్ మార్క్‌స్టీనే. తర్వాత ఫొటో మీద టైప్‌రైటర్ అక్షరాలతో కొట్టివేత గీతలు పడటమూ, రాజీనామా చేసినవారి అర అని రాసి ఉన్న సొరుగులోకి యంత్రం ఆ కార్డును జారవిడవడమూ ఫ్రేము ఫ్రేముగా చూడదగినవి.

బ్లూ-రే స్పష్టత అన్నిటికీ మేలు చేయదు. బోర్హమ్‌వుడ్ స్టూడియోలో వేసిన ఊరి సెట్టుకూ పోర్ట్‌మేరియన్ ఎండకూ తేడా, నటుడి బదులు దూరం నుంచి నడిచే డూపు భుజాలు ఇప్పుడు దాగవు. పారిపోయేవాళ్ళను వెంటాడే తెల్లటి ‘రోవర్’ నిజానికి వాతావరణ శాఖవారు ఎగరేసే తరహా బెలూన్ అని కూడా తెలిసిపోతుంది. అయినా అది నీళ్ళలోంచి పైకి లేచే దృశ్యం ఈనాటికీ భయపెడుతుంది. చివరి ఎపిసోడ్ ప్రారంభంలో ఒక్క నిమిషం ఆగి చదవండి, పోర్ట్‌మేరియన్ పేరు అక్కడ కనిపిస్తుంది. ఆ ఎపిసోడ్ చివర లండన్ ఇంటి తలుపు తనంతట తానే తెరుచుకునేటప్పుడు శబ్దం కొంచెం పెంచి, విలేజ్‌లోని తలుపుల శబ్దంతో పోల్చి వినండి.

7. తొలి కూర్పులను ఆఖరున చూడండి

‘ఆరైవల్’, ‘ద చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’ తొలి కూర్పులను ముందే చూస్తే వరుస గందరగోళమవుతుంది కనుక, 17 పూర్తయ్యాకే పెట్టుకోండి. వాటిలో టైటిల్ సంగీతం వేరు. రాన్ గ్రైనర్ బాణీ ఖరారు కాకముందు మరి ఇద్దరు సంగీత దర్శకుల బాణీలను పక్కన పెట్టారు. ‘ద చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’ తొలి కూర్పులో, తానెక్కడున్నాడో నక్షత్రాల ఆధారంగా లెక్కగట్టడానికి నంబర్ సిక్స్ సొంతంగా తయారుచేసుకున్న పరికరంతో ఒక సన్నివేశం ఉంది. ప్రసారమైన దానిలో అది లేదు. ముగింపు టైటిళ్ళలో పెన్నీ ఫార్దింగ్ (ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది ఉండే పాతకాలపు) సైకిల్ చక్రాలు భూగోళంగా, విశ్వంగా మారి, చివరికి భూమి ‘పాప్’ అన్న అక్షరాలతో పేలిపోతుంది. అది దాటేదాకా డిస్కును ఆపకండి.