అందరూ ఒకే యంత్రం కడుతున్నారా? పరిమితి ఎక్కడ తప్పిందో ఇలా పట్టుకోండి

విజయవాడ పటమటలో మేం నలుగురం ఒక గేమ్ చేస్తున్నాం. అందులో ప్లేయరే తన యుద్ధయంత్రాన్ని కట్టుకోవాలి: కాళ్లు, మొండెం, భుజాలు, తుపాకులు, కవచం. ఆదివారాలు గుంటూరు నుంచి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలతో ఆడించి చూస్తాం. మాకు ఎదురైన ఇబ్బందులు, వాటి మూలం, మేం చేసిన మార్పులు ఇవి.

లక్షణం: ఎవరి స్క్రీన్ చూసినా అదే బిల్డ్, అంటే అవే భాగాల కూర్పు.

కారణం: మొత్తం బరువు ఒక్కటే పరిమితి కావడం. టన్నుకి ఎక్కువ డ్యామేజ్ ఇచ్చే తుపాకీ ఏదో పిల్లలు ఒక్క సాయంత్రంలో లెక్క తేల్చేస్తారు. ఇక మిగతా తుపాకుల జోలికి ఎవరూ వెళ్లరు.

పరిష్కారం: దీనికి దారి మా పక్కనే ఉన్న ఆటోనగర్‌లో దొరికింది. లారీకి బాడీ కట్టేటప్పుడు మొత్తం బరువు ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ ఇరుసు మీద ఎంత పడుతుందో కూడా చూడాలి. 2018లో రెండిరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకి పెంచారు. అందులో ముందు ఇరుసు వాటా 7, వెనక ఇరుసు వాటా 11.5. వెనక ఖాళీ ఉంది కదా అని ముందు ఎక్కువ మోపడం కుదరదు. మేం కూడా భుజానికీ మొండేనికీ విడివిడిగా పరిమితి పెట్టాం. దాంతోపాటు పవర్‌ని వేరే ఖాతా చేశాం. 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఆర్మర్డ్ కోర్ అనే గేమ్‌లోనూ కాళ్లు మోసే బరువు వేరు, జనరేటర్ ఇచ్చే పవర్ వేరు. బరువులో మిగిలినవాడికి పవర్ చాలదు, పవర్ ఉన్నవాడికి బరువు చాలదు. అప్పుడే ప్లేయర్ నిజంగా ఎంచుకుంటాడు.

అలాగని ఖాతాలు పెంచుకుంటూ పోవద్దు. మేం ఐదు పెట్టినప్పుడు కొత్తవాళ్లు బిల్డ్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయారు. ఒక పరిమితిని తీసేసి ఆడించి చూడండి. ఎవరి బిల్డూ మారలేదంటే ఆ పరిమితి అక్కర్లేదు.

లక్షణం: హెవీ క్లాస్‌కి, అంటే పెద్ద యంత్రాలకి, పరిమితి కాస్త పెంచాం. ఇక లైట్ క్లాస్‌ని, అంటే చిన్నవాటిని, ఎవరూ ముట్టుకోవడం లేదు.

కారణం: బలం కూడిక కాదు, గుణకారం. ఎంతసేపు నిలబడుతుంది, సెకనుకి ఎంత కొడుతుంది, ఈ రెండిటినీ గుణించాలి. 100 పాయింట్లని కవచానికి 50, తుపాకులకి 50 పంచితే బలం 2500. పరిమితి 110 చేస్తే 55ని 55తో గుణించి 3025. మనం పెంచింది 10 శాతం, యంత్రానికి పెరిగింది 21 శాతం. ఇంకా ఉంది. అవే 100 పాయింట్లతో రెండు చిన్న యంత్రాలు కట్టి, రెండిటితో ఆ 100 పాయింట్ల పెద్దదాని మీద ఒకేసారి దాడి చేయించండి. పెద్దది వాటిని ఒకదాని తర్వాత ఒకటి కొడుతుంది. ప్రతి గుండూ తగిలితే పెద్దదే పావు వంతు కవచం మిగుల్చుకుని గెలుస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా నేను మూడు వారాలు తుపాకుల డ్యామేజ్ మారుస్తూ కూర్చున్నాను.

పరిష్కారం: పెద్దదాని దగ్గర పాయింట్లు కాకుండా ఇంకేదైనా వసూలు చేయాలి. మేం మలుపు వేగం తగ్గించాం. చిన్నవి పక్కకి జారితే దాని గుండ్లు తప్పాలి. లెక్కలో "ప్రతి గుండూ తగిలితే" అనే షరతు విరిగేది అక్కడే.

లక్షణం: కనబడగానే ఒక్క దెబ్బకి చావు.

ఒకే రకం తుపాకులు అన్నీ ఒకేసారి పేలడమే దీనికి కారణం. మెక్‌వారియర్ ఆన్‌లైన్ అనే యుద్ధయంత్రాల గేమ్ 2013లో దీనికి అదనపు హీట్ శిక్ష పెట్టింది, అంటే అలా పేల్చితే యంత్రం మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆలోచన మంచిదే. కానీ అది తెర మీద సరిగా కనబడకపోవడంతో ప్లేయర్లు దానికి "ఘోస్ట్ హీట్" (దెయ్యం వేడి) అని పేరు పెట్టారు. అలాంటి శిక్ష పెడితే మూడో తుపాకీ తగిలించగానే బిల్డ్ స్క్రీన్‌లోనే హీట్ అంకె ఎర్రగా పెరగాలి. ఆటలో చచ్చాక తెలిస్తే అన్యాయం.

కాళ్ల కవచం తీసేసి ఆ బరువు తుపాకులకి పెడుతున్నారా? కాళ్లకి ఎవరూ గురిపెట్టడం లేదని అర్థం. కనీస కవచం రూల్ పెట్టకండి. కాలు పోతే వేగం సగానికి పడేలా చేయండి, గురి దానంతట అదే కిందికి దిగుతుంది.

రూల్ మార్చాక పాత బిల్డ్‌లు చెల్లకపోతే మాత్రం వాటిని చెరిపేయొద్దు. వాళ్లు రాత్రుళ్లు కూర్చుని కట్టుకున్న యంత్రాలవి. మ్యాచ్‌లోకి రాకుండా ఆపి, పరిమితి దాటిన భాగాన్ని మాత్రం ఎర్రగా చూపించి, ఎన్ని టన్నులు తగ్గించాలో పక్కనే రాయండి.