గడ్డకట్టిన సరస్సు మీద గూడారం లాగడం – 4వ పాఠం: తాడు, బరువు, దారి

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి గూడారాన్నీ సామానునూ స్లెడ్ మీద, అంటే మంచు మీద జారే తొట్టిలో, లాక్కెళ్లే వాళ్ల కోసం ఈ పాఠాలు. ఈ పాఠంలో తాడు గురించి, సామాను సర్దడం గురించి చెప్పాల్సి ఉంది. కానీ పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫోన్లను బట్టి చూస్తే, అందులో తేలిగ్గా జారడానికి స్లెడ్ అడుగున బిగించమన్న పట్టీల సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లలేం. బిగించిన వాళ్లలో సగం మందికి లాగడం తేలికైంది. మిగతా సగానికి ఏ తేడా రాలేదు, ఇద్దరు ముగ్గురికి తొట్టే పగిలింది.

పగిలిన తొట్టితో మొదలుపెడతాను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ క్లౌడ్ దగ్గరుండే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు చెప్పిన కొలతలతోనే బిగించాను. రెండోసారి లేక్ మీదకి వెళ్లేసరికి ముందు స్క్రూలు ఊడొచ్చాయి, వాటి చుట్టూ తొట్టి చీలింది" అన్నాడు. ఏ పట్టీ వేశావని అడిగితే, ప్లాస్టిక్ త్వరగా అరిగిపోతుందనిపించి అల్యూమినియం వేశానన్నాడు. అదే వారంలో ఇంకో ఇద్దరు సరిగ్గా ఇదే మాట చెప్పారు. ప్లాస్టిక్ పట్టీయే వేయమని రాశాను కానీ ఎందుకో రాయలేదు. ఆ కారణం ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను. దయచేసి దీన్ని దాటేసి చదవకండి.

ఫ్లిప్-ఓవర్ గూడారాల (తొట్టిలోనే మడిచి ఉండి, పైకెత్తి తెరుచుకునేవి) తొట్టి పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. చలికి పాలిథిలీన్ బాగా ముడుచుకుంటుంది. ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే మీటరు పొడవుకు సుమారు 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మీరు వెచ్చటి గరాజ్‌లో 20 డిగ్రీల దగ్గర స్క్రూలు బిగించారు. లేక్ మీద మైనస్ 20. అంటే 40 డిగ్రీల తేడా. మీటరున్నర తొట్టి దాదాపు ఒక సెంటీమీటరు కురచ అవుతుంది. అదే పొడవు అల్యూమినియం పట్టీ ఆ చలికి తగ్గేది మిల్లీమీటరున్నర కూడా ఉండదు. తొట్టి ముడుచుకోవాలని చూస్తుంది, పట్టీ పోనివ్వదు. ఆ పోరు అంతా కొసల్లో ఉన్న స్క్రూల మీద పడుతుంది. స్క్రూ ఎంత గట్టిగా బిగిస్తే చీలిక అంత తొందరగా వస్తుంది. పట్టీ కూడా పాలిథిలీన్ జాతిదే అయితే రెండూ ఇంచుమించు కలిసే ముడుచుకుంటాయి, గొడవ ఉండదు. యూహెచ్‌ఎండబ్ల్యూ అని అమ్మే పట్టీ అందుకే అడిగాను.

రెండో కారణం రాపిడి. స్లెడ్ మంచు మీద జారడానికి రాపిడి వేడే చాలావరకు కారణం. ఆ వేడికి అడుగున కంటికి కనిపించనంత పల్చగా నీటి పొర ఏర్పడుతుంది, బండి దాని మీద జారుతుంది. బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1939లోనే ఈ మాట ప్రయోగాలు చేసి చెప్పారు. లోహం ఆ కాస్త వేడినీ పీల్చేసుకుంటుంది, ప్లాస్టిక్ పీల్చదు. చలి ముదిరే కొద్దీ లోహపు పట్టీ బరువెక్కినట్టు అనిపించేది అందుకే. మరీ చలిగా ఉంటే ఏ పట్టీ వేసినా ఆ నీటి పొర సరిగా ఏర్పడదు, మంచు ఇసుకలా పట్టేస్తుంది. 1911 శీతాకాలంలో అంటార్కిటికాలో కేప్ క్రోజియర్‌కు నడిచిన విల్సన్, బోవర్స్, చెర్రీ-గరార్డ్ ముగ్గురూ రెండు స్లెడ్జీలను కలిపి లాగలేకపోయారు. ఒకటి ముందుకు చేర్చి, వెనక్కి నడిచి, రెండోది తెచ్చుకున్నారు. ఒక మైలు సాగడానికి మూడు మైళ్లు నడక. మన మిన్నెసోటా చలి అంత ఉండదు గానీ, మైనస్ 25 కింద పొద్దున పూట మీ స్లెడ్ మొరాయిస్తే పట్టీ తప్పు కాదు.

తొట్టి చీలిన వాళ్లు చేయాల్సింది ఇది. అల్యూమినియం తీసేయండి. చీలిక కొసలో చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. కొత్త పట్టీకి కొత్త చోట రంధ్రాలు వేయండి. తొట్టి మూతి దగ్గర స్క్రూ ఒక్కటే గట్టిగా ఉండాలి. మిగతావాటికి పట్టీలో కోలగా, పొడవు వైపు ఐదారు మిల్లీమీటర్లు జరగడానికి వీలుగా రంధ్రాలు చేసి, లోపల వైపు వెడల్పాటి వాషర్ వేసి, బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పండి. స్క్రూ తల పట్టీలోకి దిగి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

ఇక "ఏ తేడా రాలేదు" అన్న వాళ్ల సంగతి. వాళ్లలో దాదాపు అందరూ కొత్తగా పడిన మెత్తటి మంచులో లాగారు. పట్టీలు అక్కడ పనికిరావు. స్లెడ్ ఎందుకు బరువుగా ఉందో మూడు రకాలుగా చూడాలి. ఒకటి, అడుగు ఒరుసుకోవడం. గట్టిపడిన దారి మీద, గాలికి చెక్కుకుపోయిన మంచు మీద ఉండేది ఇదే, పట్టీలు తగ్గించేదీ దీన్నే. రెండు, దున్నుకుంటూ పోవడం. మోకాలి కింది దాకా దిగే మంచులో స్లెడ్ మూతి మంచును తోసుకుంటూ, నొక్కుకుంటూ పోతుంది. మీ శక్తంతా దానికే పోతుంది. సెంటీమీటరు ఎత్తు పట్టీ దీన్ని ఏం చేస్తుంది? మూడు, అతుక్కోవడం. తడి మంచు తగిలి, ఆగిన చోట గడ్డకట్టి పట్టేయడం. నా స్లెడ్ సామానుతో 40 కిలోలు. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) తొక్కిన బాట మీద దాన్ని లాగడానికి మూడున్నర కిలోల బలం చాలు. అడుగు లోతు మెత్తటి మంచులో అదే స్లెడ్‌కు 12 కిలోలు కావాలి. పట్టీలు మొదటి అంకెనే తగ్గించాయి, రెండోదాన్ని తాకలేదు.

దున్నుకోవడానికి మందు తాడు, సర్దుబాటు, దారి. ఇవాళ్టి అసలు పాఠం ఇదే.

తాడును చేత్తో పట్టుకుని లాగకండి. నడుముకు, తుంటి ఎముక మీద కూర్చునే వెడల్పాటి బెల్టుకు తగిలించండి. తాడు కట్టడం మీకు వచ్చు, దాని గురించి రాయను. తొట్టి ముందున్న రెండు రంధ్రాల్లోంచి ఆంగ్ల వి అక్షరంలా తీసి మధ్యలో లాగితే మూతి పక్కకు తిరగదు. తాడు పాలిప్రొపిలీన్‌ది కొనండి, నీరు పీల్చదు. నైలాన్ తాడు తడిసి గడ్డకడితే కర్రలా బిగుసుకుపోతుంది.

పొడవు ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న. మీ నడుము నేలకు మీటరు ఎత్తు, తొట్టి రంధ్రం 30 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. రెండు మీటర్ల తాడైతే దాదాపు 20 డిగ్రీల వాలు వస్తుంది. నాలుగు మీటర్లైతే 10 డిగ్రీలే. మెత్తటి మంచులో 12 కిలోల బలంతో లాగుతుంటే, 20 డిగ్రీల తాడు అందులో నాలుగు కిలోల మేర మూతిని పైకి లేపుతుంది. మూతి లేచిందంటే దున్నడం తగ్గిందన్నమాట. కనుక లోతు మంచుకు పొట్టి తాడు, గట్టి బాటకు పొడుగు తాడు. నేను ఒకే తాడుకు మధ్యలో ఇంకో ఉచ్చు వేసి రెండు పొడవులూ పెట్టుకుంటాను. ఉచ్చు మార్చడానికి చేతి తొడుగు తీయాల్సిన పని లేకుండా పెద్ద క్యారబినర్ (నొక్కితే తెరుచుకునే లోహపు కొక్కెం) పెట్టాను.

ఒక్క హెచ్చరిక. సీజన్ మొదట్లో సరస్సు మీది ఐసు పల్చగా ఉన్నప్పుడు పొట్టి తాడు వద్దు. కొత్తగా ఏర్పడిన పారదర్శకమైన గట్టి ఐసు కనీసం నాలుగు అంగుళాలుంటేనే నడవమని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లటి ఐసైతే దానికి రెట్టింపు ఉండాలి. ఆ రోజుల్లో స్లెడ్ మీకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. బెల్టు కూడా ఒక్క లాగుతో విడిపోయే బకిల్‌ది కావాలి. ముడి వేసి కట్టుకున్న తాడును నీళ్లలో పడ్డాక వేళ్లు కొయ్యబారిన చేతులతో విప్పలేరు. మెడలో ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే ఐసులో గుచ్చి పైకి రావడానికి వాడే మేకులు) వేసుకోవడం గురించి మొదటి పాఠంలోనే చెప్పాను.

2023–24 లాంటి శీతాకాలం వస్తే సమస్య తలకిందులవుతుంది. ఆ ఏడు మిన్నెసోటాలో మంచు చాలా తక్కువ పడింది, ఉన్నది గాజులాంటి ఐసే. లాగడం సులువే, ఆగడమే కష్టం. మీరు నిలబడితే స్లెడ్ వచ్చి మడమలకు తగులుతుంది, పక్కగాలికి అడ్డంగా జారిపోతుంది. దానికి తాడు బదులు రెండు కర్రలు కావాలి. నీళ్ల పైపుల కోసం అమ్మే పెక్స్ గొట్టాలు రెండు, ఒక్కోటి ఆరడుగులు తీసుకుని, వాటిలోంచి తాడు పోనిచ్చి, నడుముకూ తొట్టికీ మధ్య ఇంటూ గుర్తులా అడ్డంగా పెట్టండి. తెల్లటి పీవీసీ గొట్టం వాడకండి. చలికి పెళుసెక్కి విరుగుతుంది, విరిగిన ముక్క కత్తిలా ఉంటుంది.

సర్దడం. బరువంతా నడిమికి కాస్త వెనగ్గా ఉండాలి. ఆగర్ (ఐసుకు రంధ్రం వేసే బరమా), బ్యాటరీ, ప్రొపేన్ సిలిండర్ అడుగున, గాలాల పెట్టె, ఎర డబ్బా వాటి ముందు. ముందు భాగంలో కుర్చీ లాంటి తేలికవే. మరీ వెనక్కి నెడితే తోక దిగబడి వెనకాల గాడి తీస్తుంది. దమ్ము చేసిన మడిలో చెక్క లాగించేటప్పుడు, మనిషి దాని మీద ఎక్కడ నిలబడితే ముందు అంచు బురదలో గుచ్చుకోదో మన ఊళ్లలో ఎడ్లు తోలిన పెద్దలకు బాగా తెలుసు. ఇక్కడా అదే లెక్క.

గూడారం గుడ్డ బరువు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. లోపల హీటర్ వెలిగించి నాలుగు గంటలు కూర్చుంటే మన ఊపిరి తేమ, గ్యాస్ మండిన తేమ గుడ్డకు పట్టి గడ్డకడుతుంది. అలాగే మడిచేస్తే తిరుగు ప్రయాణంలో కిలోల కొద్దీ ఐసును మోసుకొస్తారు. మడిచే ముందు బయటి నుంచి అరచేత్తో తట్టండి, పెళ్లలుగా రాలుతుంది. ఇంటికి రాగానే గరాజ్‌లో తెరిచి ఆరబెట్టండి. ప్రయాణానికి పైన కవరు తప్పనిసరి. కవరు లేని తొట్టి మీ మడమలు ఎగజిమ్మిన మంచంతా నింపుకుంటుంది.

ఇక దారి. లోతు మంచులో నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇది, డబ్బు కూడా ఖర్చు కాదు. స్లెడ్ లేకుండా, స్నోషూస్ (మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) వేసుకుని, ఆగర్ ఒక్కటే పట్టుకుని చేపలున్న చోటికి ముందు నడవండి. అడుగు పక్కన అడుగు వేస్తూ తొట్టి వెడల్పున తొక్కుకుంటూ పోండి. అక్కడ రంధ్రాలు వేసి, ఐసు మందం చూసుకుని, అదే బాటన వెనక్కి రండి. తొక్కిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని అరగంట, గంటలో గట్టిపడతాయి. అప్పుడు స్లెడ్ లాగితే బాట మీద బండిలా వస్తుంది. రెండుసార్లు నడిచినా ఒక్కసారి దున్నడం కన్నా తక్కువ అలసట. తొందరగా వెళ్లాలనుకునే వాళ్లు దీన్ని ఒప్పుకోరు. ఒక్కసారి చేసి చూడమని మాత్రం అడుగుతున్నాను.

అతుక్కోవడం గురించి క్లుప్తంగా. మంచు బరువుకు ఐసు కుంగితే పగుళ్లలోంచి నీరు పైకొచ్చి మంచు కింద స్లష్ అవుతుంది. పైకి తెల్లగా, మామూలుగానే కనిపిస్తుంది. అడుగు వేస్తే బూడిదరంగు నీరు ఊరుతుంది. ఆ జాగాలో ఆగకుండా దాటేయండి. దాటాక స్లెడ్‌ను పక్కకు వాల్చి అడుగును గీకేయండి. గూడారం వేసిన చోట రెండు చెక్క ముక్కల మీద తొట్టిని నిలబెట్టండి. డులూత్‌లో ఉండే ఒక అక్క అప్పర్ రెడ్ లేక్ మీద ఈ జాగ్రత్త తీసుకోకపోతే, సాయంత్రం తొట్టి విడిపించడానికి గంటకు పైగా పట్టింది. అడుగుకు మైనం రాయాలనుకునే వాళ్లు ఫ్లోరిన్ కలిసిన పాత స్కీ మైనం జోలికి పోవద్దు. 2025 జనవరి 1 నుంచి పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలిపిన స్కీ మైనం అమ్మకాన్ని మిన్నెసోటా నిషేధించింది. అది కరిగి చేరేది మనం చేపలు పట్టే నీళ్లలోకే.

అభ్యాసం. ఇది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, అయినా చేయండి. ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసు 23 కిలోలు దాటిందో లేదో చూసుకునే వేలాడే త్రాసు మనలో చాలామంది ఇళ్లలో ఉంటుంది. దాన్ని తాడుకూ చేతికీ మధ్య తగిలించి, స్లెడ్‌ను నడక వేగంతో ఇరవై అడుగులు లాగుతూ అంకె చూడండి. కదిలించేటప్పటి బలం వేరు, నడిచేటప్పటి బలం వేరు. రెండూ రాసుకోండి. డిజిటల్ త్రాసు చలికి మొద్దుబారుతుంది, తూచేదాకా లోపలి జేబులో ఉంచండి. ముల్లు తిరిగే స్ప్రింగ్ త్రాసు దొరికితే ఇంకా మంచిది. పొట్టి తాడుతో ఒకసారి, పొడుగు తాడుతో ఒకసారి, బరువు ముందుంచి ఒకసారి, వెనకుంచి ఒకసారి. ఈ నాలుగూ మూడు వేర్వేరు రోజులు, ఒకటి మైనస్ 5 దగ్గర, ఒకటి మైనస్ 20 దగ్గర, ఒకటి కొత్త మంచు పడిన మర్నాడు. ఇంటి వెనక పెరట్లో చేసినా చాలు.

పాత స్కీలతో ఎత్తైన చట్రం కట్టి దాని మీద తొట్టి పెట్టుకోవడం వచ్చే పాఠం. ఇక్కడి వాళ్లు స్మిట్టీ స్లెడ్ అనేది దాన్నే. గట్టి బాట మీద, స్లష్‌లో అది అద్భుతంగా పనిచేస్తుంది. మెత్తటి మంచులో సన్నటి స్కీలు మునిగిపోయి ఇంకా బరువవుతుంది. కనుక సెకండ్ హ్యాండ్ షాపులో స్కీలు కనిపించాయని ఇప్పుడే కొనేయకండి. ఈ పన్నెండు సార్ల అంకెలు రాసుకుని ఉంచండి, మీకు ఆ చట్రం కావాలో వద్దో వాటిని చూసే తేలుద్దాం.