ఫైళ్లు చోటు మార్చాక బ్యాకప్ మొరాయిస్తే

గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయ్యిందంటే, లంక గ్రామాల వారు సీపీయూను మేడ మీదికి చేర్చి, ముఖ్యమైన ఫైళ్లను హడావిడిగా వేరే డ్రైవులోకి కట్ చేసి పేస్ట్ చేస్తారు. నీరు తీశాక వారం తిరగకుండానే బ్యాకప్ పనిచేయడం లేదంటూ ఫోన్లు మొదలవుతాయి. దాదాపు అన్నింటిలోనూ జరిగింది ఒకటే: ఫైళ్లు కొత్త చోటికి వెళ్లాయి, బ్యాకప్ ప్రోగ్రాము మాత్రం పాత చోటే వెతుకుతోంది.

లక్షణం: మార్గం (ఫైలు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉందో తెలిపే చిరునామా) దొరకలేదన్న సందేశం, విండోస్‌లో తరచుగా 80070003 అనే కోడ్‌తో.

ప్రోగ్రామును తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. బ్యాకప్ సెట్టింగులు తెరిచి, ఏ ఫోల్డరు నుంచి కాపీ చేయాలో రాసి ఉన్న వరుసను చదివి, ఆ మార్గాన్ని యథాతథంగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బారులో అతికించి ఎంటర్ నొక్కండి. ఫోల్డరు తెరుచుకోకపోతే మార్గం మారిపోయినట్టే. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను చేయకుండానే డిస్క్ పోయిందని కొత్తది కొనుక్కొచ్చిన వారిని చూస్తే బాధ కలుగుతుంది. మీరు ఏదీ కదపకపోయినా మార్గం మారవచ్చు. వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ దాని లోపలికి వెళ్తాయి. ముందుగా పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే ఎఫ్ అన్న డ్రైవు అక్షరాన్ని అది తీసుకొని, మీ బ్యాకప్ డిస్క్ జి కావచ్చు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో బ్యాకప్ డిస్కుకు ఇంగ్లీషు అక్షరమాల చివరి నుంచి ఒక అక్షరం స్థిరంగా ఇస్తే ఆ బెడద తీరుతుంది.

లక్షణం: ఎర్రర్ దానంతటదే పోయింది, బ్యాకప్ విజయవంతమని చూపుతోంది.

అన్నిటికంటే భయపడవలసింది దీనికే. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దుకాణంలో గుమాస్తా, లెక్కల ఫోల్డరును డి డ్రైవు నుంచి డెస్క్‌టాప్ మీదికి మార్చాడు. ఆ రాత్రి బ్యాకప్ ఆగిపోతే నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లి చూడకుండా, "డి డ్రైవులో ఆ పేరుతో ఫోల్డరు ఉందో లేదో చూడు బాబూ" అన్నాను. అతను లేదని గ్రహించి, అదే పేరుతో ఖాళీ ఫోల్డరు ఒకటి సృష్టించాడు. ఎర్రర్ పోయింది. అయితే ఆ బ్యాకప్ మిర్రర్ పద్ధతిలో నడుస్తోంది. అంటే మూలంలో (ఏ ఫోల్డరు నుంచి కాపీ చేస్తుందో అందులో) లేని ఫైలు ఏదైనా బ్యాకప్‌లో కనిపిస్తే దాన్ని చెరిపేస్తుంది. మూలమే దొరకనప్పుడు అది ఆగిపోతుంది, దేన్నీ ముట్టుకోదు. మూలం ఖాళీగా దొరికితే మాత్రం, యజమాని అన్నీ తొలగించాడని భావించి బ్యాకప్‌ను కూడా ఖాళీ చేస్తుంది. మూడు నెలల తరువాత కంప్యూటరు లోపలి డిస్క్ చెడిపోయింది. బ్యాకప్ డిస్క్ తెరిస్తే ఆ ఫోల్డరు ఉంది, లోపల ఒక్క ఫైలూ లేదు.

అందువల్ల ఫైళ్లు కదిలాయని తెలిసిన వెంటనే చేయవలసిన మొదటి పని బ్యాకప్ డిస్క్ తీగ ఊడదీయడం. తరువాత మూలం మార్గాన్ని కొత్త చోటికి మార్చండి. డిస్కును మళ్లీ తగిలించగానే అందులోని పాత బ్యాకప్ ఫోల్డరు పేరు చివర ఆనాటి తేదీ చేర్చి పక్కన ఉంచండి, మిర్రర్‌ను ఆపి మొదటిసారి సాధారణ కాపీగా నడపండి. కదిలిన ఫైళ్లు ప్రోగ్రాముకు కొత్తవిగానే కనిపిస్తాయి కనుక అన్నీ మళ్లీ కాపీ అవుతాయి, దాదాపు రెట్టింపు చోటు కావాలి. డిస్క్ నిండిందన్న ఎర్రర్ వస్తే అదే కారణం. ముగిశాక మూలం, కొత్త బ్యాకప్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్యను పోల్చి, బ్యాకప్‌లోంచే ఒక ఫైలు తెరిచి చూసిన తరువాత మిర్రర్‌ను మళ్లీ ఆన్ చేయండి.

లక్షణం: కొన్ని ఫైళ్లు మాత్రమే మిగిలిపోతున్నాయి.

అనుమతి లేదని వస్తే, ఒకే డ్రైవులో కట్ చేసి పేస్ట్ చేసిన ఫైళ్లు పాత అనుమతులను వెంట తెచ్చుకున్నాయని అర్థం. కొత్త ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌లోని అడ్వాన్స్‌డ్‌లో సరిచేయవచ్చు. ఫోల్డరులో ఫోల్డరుగా లోతుకు వెళ్లి మార్గం 260 అక్షరాలు దాటితే పేర్లు కుదించండి. 4 జీబీ మించిన పెళ్లి వీడియోలు మాత్రమే ఆగిపోతుంటే డిస్క్ అంత పెద్ద ఫైళ్లను పట్టలేని ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది; డేటాను వేరే చోట దాచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ చేయండి. అయితే కేవలం తేదీని బట్టి కాపీ చేసే కొన్ని ప్రోగ్రాములు, కదిలినా తేదీ మారని పాత ఫైళ్లను వదిలేస్తాయి. ఒకసారి పూర్తి బ్యాకప్ నడిపితే చాలు.

కేబుల్, యూఎస్‌బీ పోర్టు, వైరస్ వంటివి ఫైళ్లు కదిపిన మర్నాడే మొదలైన సమస్యకు కారణం కావడం చాలా అరుదు. డిస్కులోంచి టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం పైవేవీ ప్రయత్నించకుండా కరెంటు తీసి, డేటా రికవరీ చేసేవారికి అప్పగించండి.