రూపం మారిన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేతివేగం తగ్గకుండా పనిచేయడం

భవనాల డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను తెరిచినప్పుడు ముందుగా ఇబ్బంది పెట్టేది కళ్లకు, చేతికి ఉన్న అలవాటే. నిన్నటివరకు చూడకుండా నొక్కిన గుర్తు ఈ రోజు ఆ చోట కనిపించదు. తెలిసిన డైలాగ్ బాక్స్ స్థానంలో కొత్త పాలెట్, అంటే పని చేస్తున్నంతసేపూ తెర మీద ఉండే చిన్న విండో, తెరుచుకుంటుంది. డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్‌లోకి రిబ్బన్, అంటే తెర పైభాగంలో గుర్తులన్నీ ట్యాబ్‌లుగా ఉండే పట్టీ, 2009 వెర్షన్‌తో వచ్చింది; భవనం నమూనాను తయారుచేసే రెవిట్‌లోకి 2010 వెర్షన్‌తో వచ్చింది. పాత టూల్‌బార్లతో ఉండే క్లాసిక్ వర్క్‌స్పేస్‌ను (తెర మీది పరికరాల అమరికను) ఆటోక్యాడ్ 2015లో తొలగించి, ముదురు రంగు తెరను అదే వెర్షన్‌లో తెచ్చారు. రెవిట్‌కు ముదురు థీమ్ 2024 వెర్షన్‌లో అందింది. ఇన్ని మార్పులు జరిగినా ఆటోక్యాడ్‌లో గీతకు ఎల్, జరపడానికి ఎం, కత్తిరించడానికి టీఆర్ అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. తెర మీద గుర్తు ఎక్కడుందో జ్ఞాపకం పెట్టుకున్నవారికి ప్రతి కొత్త వెర్షన్ మళ్లీ మొదటి పాఠమవుతుంది. కమాండ్ పేరును, తమ సొంత సెట్టింగుల ఫైళ్లను పట్టుకున్నవారికి అది కొద్ది రోజుల సర్దుబాటుతో సరిపోతుంది. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ రెండో పద్ధతి ఆధారంగా చెప్పినవే.

పాత వెర్షన్ చేతిలో ఉండగానే చేయవలసినవి

అసలు పని కొత్త వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేయకముందే మొదలవుతుంది. మీరు రోజూ నిజంగా ఏ కమాండ్లు వాడుతున్నారో తెలుసుకోవడం అందులో మొదటిది. అడిగితే చాలామంది జ్ఞాపకం మీద ఒక జాబితా చెబుతారు గానీ, ఆ జాబితా వాస్తవంతో అరుదుగా సరిపోతుంది. ఆటోక్యాడ్‌లో కమాండ్ లైన్ దగ్గర లాగ్‌ఫైల్‌ఆన్ అని ఒకే పదంగా టైప్ చేస్తే, అప్పటి నుంచి కమాండ్ చరిత్ర అంతా ఒక టెక్స్ట్ ఫైలులో నమోదవుతుంది. గుర్తును మౌస్‌తో నొక్కినా దాని వెనక ఉన్న కమాండ్ పేరు, ముందు ఒక అండర్‌స్కోర్ గుర్తుతో, ఆ ఫైలులో కనిపిస్తుంది. ప్లాన్లు గీసే రోజుల్లో కొంతకాలం, షీట్లు సిద్ధం చేసే రోజుల్లో కొంతకాలం దీన్ని నడవనిచ్చి చదివితే, మీరు పేరు తెలియకుండా బొమ్మను బట్టి మాత్రమే వాడుతున్న కమాండ్లు బయటపడతాయి. రూపం మారినప్పుడు మిమ్మల్ని ఆపేవి అవే కాబట్టి, వాటి పేర్లను ముందుగా నేర్చుకోవాలి. ఒక్క రోజు పని చూస్తే చాలనుకున్నవారు ఎఫ్2 నొక్కి అదే చరిత్రను తెర మీద చదువుకోవచ్చు.

రెండో పని సెట్టింగులను భద్రపరచడం. ఆటోక్యాడ్‌లో ఆప్షన్స్ విండోలోని ప్రొఫైల్స్ ట్యాబ్ నుంచి మీ ప్రొఫైల్‌ను ఏఆర్‌జీ ఫైలుగా ఎగుమతి చేసుకోవాలి. దానితోపాటు మెనూలు, టూల్‌బార్ల అమరిక ఉండే సీయూఐఎక్స్ ఫైళ్లను, షార్ట్‌కట్‌లుండే యాకాడ్ పీజీపీ ఫైలును, ప్లాటింగ్‌కు (ముద్రణకు) సంబంధించిన సీటీబీ (గీతల మందం), పీసీ3 (ప్రింటర్ సెట్టింగులు) ఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. రెవిట్‌లో కే, ఎస్ అక్షరాలు వరుసగా నొక్కితే కీబోర్డ్ షార్ట్‌కట్ల విండో తెరుచుకుంటుంది. అక్కడి ఎక్స్‌పోర్ట్ బటన్ ఆ షార్ట్‌కట్లను ఎక్స్ఎంఎల్ ఫైలుగా ఇస్తుంది. మరో భవన డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన ఆర్కిక్యాడ్‌లో ఈ సెట్టింగులన్నీ వర్క్ ఎన్విరాన్‌మెంట్ అనే ఒకే చోట ప్రొఫైల్‌గా ఉంటాయి కనుక అక్కడి నుంచే ఎగుమతి చేసుకోవచ్చు.

నడుస్తున్న ప్రాజెక్టును మాత్రం తొందరపడి కొత్త వెర్షన్‌లోకి మార్చకూడదు. ఈ విషయంలో రెవిట్ మరీ కఠినంగా ఉంటుంది: కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ చేసిన ఫైలును పాత వెర్షన్ తెరవదు, పాత రూపంలో సేవ్ చేసే వీలూ లేదు. ఒకే సెంట్రల్ ఫైలు (అందరూ పంచుకునే ప్రధాన ఫైలు) మీద నలుగురు పనిచేస్తుంటే, నలుగురూ ఒకే రోజు మారాలి లేదా ఎవరూ మారకూడదు. ఆటోక్యాడ్ ఇంత కఠినం కాదు. 2018 వెర్షన్‌తో వచ్చిన డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) ఫార్మాట్‌నే ఆ తరువాతి వెర్షన్లు కూడా వాడుతున్నాయి, అంతకన్నా పాత ఫార్మాట్లలో సేవ్ చేసే సౌకర్యమూ ఉంది. ఈ రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పాత, కొత్త వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండగలవు కాబట్టి, గడువు దగ్గరపడిన పనులను పాతదానిలోనే ముగించి, కొత్త పనులను కొత్తదానిలో ప్రారంభించడం నా దృష్టిలో సరైన మార్గం.

సెట్టింగులను కొత్తదానిలోకి తీసుకెళ్లే పద్ధతి

భద్రపరచిన ఫైళ్లను కొత్త వెర్షన్ ఫైళ్ల మీద నేరుగా అతికించడం చాలామంది చేసే పని, ఇబ్బందులు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. పాత పీజీపీ ఫైలు మొత్తాన్ని తెచ్చి పెడితే కొత్త కమాండ్ల సంక్షిప్త రూపాలు తుడిచిపెట్టుకుపోతాయి. మీరు సొంతంగా చేర్చిన వరుసలను మాత్రమే కాపీ చేసి, కొత్త ఫైలు చివరన, వాడుకరి నిర్వచించే సంక్షిప్త రూపాల కోసం కేటాయించిన భాగంలో ఉంచాలి. ఒకే అక్షరానికి రెండు వరుసలున్నప్పుడు ఫైలులో కింద ఉన్నదే అమలవుతుంది కాబట్టి, పైనున్న అసలు వరుసలను ముట్టుకోవలసిన అవసరం లేదు. ఆ తరువాత రీఇనిట్ కమాండ్ ఇచ్చి పీజీపీ ఫైలు పెట్టెలో టిక్ పెడితే, ప్రోగ్రామ్‌ను మూసి తెరవకుండానే మార్పు అమలవుతుంది. సొంత మెనూలు, టూల్‌బార్లు ఉన్నవారు కూడా ప్రధాన సీయూఐఎక్స్ ఫైలును మార్చకుండా, తమవి వేరే పాక్షిక ఫైలులో పెట్టుకుని సీయూఐలోడ్ ద్వారా జోడించుకుంటే, ప్రతి కొత్త వెర్షన్‌లోనూ ఆ ఒక్క ఫైలును తెచ్చుకుంటే సరిపోతుంది.

పాత తీరు కావాలా, కొత్తది నేర్చుకోవాలా

కొత్త రూపం ఎదురైన చాలాచోట్ల పాత రూపాన్ని తిరిగి తెచ్చుకోవడం సాధ్యమే. క్లాసిక్ఇన్సర్ట్ అని టైప్ చేస్తే బ్లాక్‌ను (ఒకసారి గీసి పదేపదే వాడుకునే బొమ్మను) చేర్చే పాత డైలాగ్ బాక్స్ వస్తుంది. క్లాసిక్‌లేయర్ పాత లేయర్ (గీతలను పొరలుగా విడదీసే) విండోను, అర్రేక్లాసిక్ పాత అర్రే (ఒకే వస్తువును వరుసలుగా పేర్చే) విండోను తెరుస్తాయి. మెనూబార్ విలువను 1 చేస్తే పైన పాత మెనూలు కనిపిస్తాయి; రిబ్బన్‌క్లోజ్ ఇస్తే రిబ్బన్ తొలగిపోతుంది. అయితే ఇవన్నీ ఒకేసారి చేయడాన్ని నేను సమర్థించను. పాతదాన్ని ఎక్కడ నిలుపుకోవాలో, ఎక్కడ వదులుకోవాలో ఒక్కొక్క కమాండ్‌ను పరిశీలించి నిర్ణయించాలి.

బ్లాక్‌లనే తీసుకుందాం. ఆటోక్యాడ్ 2020 నుంచి ఇన్సర్ట్ కమాండ్ ఒక పాలెట్‌ను తెరుస్తుంది. పాత డైలాగ్ బాక్స్‌లో పేరు ఎంచుకుని, స్కేలు, కోణం ఇచ్చి, ఓకే నొక్కితే ఒక స్తంభం చేరేది. మరో స్తంభానికి ఇదంతా మళ్లీ చేయవలసి వచ్చేది. కొత్త పాలెట్‌లో బ్లాక్‌లు బొమ్మలుగా కనిపిస్తాయి, కిందనున్న ఎంపికలలో రిపీట్ ప్లేస్‌మెంట్ అన్నదానికి టిక్ పెడితే ఒకే స్తంభాన్ని గ్రిడ్ కూడళ్లన్నిటి దగ్గరా వరుసగా ఉంచుకుంటూ వెళ్లవచ్చు. ఇక్కడ కొత్తదే మేలు. చిన్న తెర మీద పాలెట్ స్థలం ఆక్రమిస్తోందని అనిపిస్తే, దాన్ని ఒక అంచుకు చేర్చి ఆటో హైడ్ పెట్టుకుంటే చాలు.

ట్రిమ్ కమాండ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని పేరు, గుర్తు అలాగే ఉండి పనితీరు మారింది. ఆటోక్యాడ్ 2021కి ముందు కత్తిరింపుకు హద్దులైన గీతలను మొదట ఎంచుకుని, ఎంటర్ నొక్కి, ఆ తరువాత కత్తిరించవలసిన భాగాన్ని చూపేవారు. 2021 నుంచి, మనం మార్చకపోతే, క్విక్ మోడే ఉంటోంది. అందులో డ్రాయింగ్‌లోని గీతలన్నీ హద్దులే. ఖాళీ ప్లాన్‌లో ఇది ఎంతో వేగంగా పనిచేస్తుంది. కానీ గోడ గీతల మీదుగా ఫర్నిచర్ గీతలు, కొలతల గీతలు పోతున్న డ్రాయింగ్‌లో తలుపు ఖాళీ కోసం గోడను కత్తిరిస్తే, మీరు అనుకున్న చోట కాక దగ్గరలోని ఏదో గీత దగ్గర కోత ఆగుతుంది. పైగా, ఏ గీతతోనూ కలవని వస్తువును చూపితే క్విక్ మోడ్ దాన్ని పూర్తిగా తొలగిస్తుంది. దట్టమైన డ్రాయింగ్‌లో ఆ లోపం వెంటనే కంటపడదు. కమాండ్ నడుస్తుండగా టీ అక్షరం ఇస్తే హద్దులను మీరే ఎంచుకోవచ్చు. పాత పద్ధతి ఎప్పటికీ కావాలనుకుంటే ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ విలువను 0 చేయాలి. ప్రాథమిక దశ ప్లాన్లకు క్విక్ మోడ్‌ను, పనిస్థలానికి వెళ్లే వివరమైన డ్రాయింగ్‌లకు పాత పద్ధతిని వాడటం నా సలహా.

మౌస్ బటన్‌ను నొక్కి పట్టి లాగినప్పుడు పెట్టెకు బదులు వంకర గీతతో ఎంపిక జరగడం కూడా ఇలాంటిదే. అది నచ్చనివారు ఆప్షన్స్‌లోని సెలెక్షన్ ట్యాబ్‌లో లాసోకు (ఈ వంకర గీత ఎంపికకు) సంబంధించిన టిక్‌ను తీసివేయవచ్చు.

వెతుకులాట తగ్గించుకోవడం

ఒక గుర్తు ఎక్కడికి పోయిందో తెలియనప్పుడు రిబ్బన్ ట్యాబ్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి చూడటం వృథా శ్రమ. ఆటోక్యాడ్‌లో దాని పేరులోని కొంత భాగాన్ని టైప్ చేస్తే సూచనల జాబితా వస్తుంది. సహాయ విండోలో ఆ కమాండ్ పేజీని తెరిచి అక్కడున్న గుర్తును నొక్కితే, రిబ్బన్‌లో అది ఉన్న చోటును ఒక బాణం చూపిస్తుంది. గుర్తు మీద మౌస్‌ను ఆపితే వచ్చే చిన్న పెట్టెలో ఆటోక్యాడ్ కమాండ్ పేరును, రెవిట్ షార్ట్‌కట్ అక్షరాలను చూపుతాయి. కొత్తలో ఈ పెట్టెలను ఆపివేయకండి. దొరికిన గుర్తు తరచూ అవసరమయ్యేదైతే దాని మీద కుడి బటన్ నొక్కి క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కు చేర్చాలి. అలా చేర్చినవాటికి ఆల్ట్ కీ నొక్కగానే అంకెలు కనిపిస్తాయి కాబట్టి, మౌస్ ముట్టకుండానే వాటిని వాడవచ్చు.

రెవిట్‌లో ప్రాపర్టీస్ లేదా ప్రాజెక్ట్ బ్రౌజర్ కనిపించకుండా పోతే వ్యూ ట్యాబ్‌లోని యూజర్ ఇంటర్‌ఫేస్ జాబితా నుంచి తిరిగి తెచ్చుకోవాలి. వస్తువును ఎంచుకున్న ప్రతిసారీ రిబ్బన్ మాడిఫై ట్యాబ్‌కు దూకడం కొందరికి చిరాకు కలిగిస్తుంది. ఆప్షన్స్‌లోని యూజర్ ఇంటర్‌ఫేస్ భాగంలో ఆ ప్రవర్తనను మార్చుకునే వీలుంది. ఆటోక్యాడ్‌లో కమాండ్ లైన్ మాయమైతే కంట్రోల్‌తో 9 నొక్కాలి, చుట్టూ ఉన్నవన్నీ పోయి డ్రాయింగ్ మాత్రమే మిగిలితే కంట్రోల్‌తో 0 నొక్కాలి. ఫైలు తెరవడానికి విండో రాకుండా పేరు టైప్ చేయమని అడుగుతుంటే ఫైల్‌డయా విలువను 1కి మార్చాలి. తెర మీది అమరిక మీకు నచ్చినట్లు కుదిరిన వెంటనే డబ్ల్యూఎస్‌సేవ్ ద్వారా సొంత పేరుతో వర్క్‌స్పేస్‌గా దాచుకుంటే, తరువాత ఏది చెదిరినా ఆ పేరును ఎంచుకుని మళ్లీ అదే అమరికకు రావచ్చు.

రంగుల మార్పును అలంకారంగా భావించి వదిలేయకూడదు. ఆటోక్యాడ్‌లో రంగును బట్టి పెన్ మందాన్ని నిర్ణయించే సీటీబీ పద్ధతిలో పనిచేసేవారు గీత మందాన్ని రంగును చూసే చదువుతారు. నేపథ్యం తెలుపైతే పసుపు రంగు గీతలు దాదాపు కనిపించవు. 7వ నంబరు రంగు నల్ల నేపథ్యం మీద తెల్లగా, తెల్ల నేపథ్యం మీద నల్లగా కనిపిస్తుంది. రిబ్బన్ థీమ్, డ్రాయింగ్ విండో నేపథ్యం వేర్వేరు సెట్టింగులు కనుక, థీమ్ ఏదైనా సరే, డ్రాయింగ్ నేపథ్యాన్ని మాత్రం మీ కంటికి అలవాటైన రంగులోనే ఉంచుకోండి.

బృందంగా మారేటప్పుడు

ఆఫీసులో అనేకమంది ఉంటే ముందుగా ఒకరు మారి, షార్ట్‌కట్ల ఫైలును, వర్క్‌స్పేస్‌ను, ట్రిమ్ వంటి కమాండ్ల సెట్టింగులను ఖరారు చేసి మిగిలినవారికి ఇవ్వాలి. ఎవరికి వారు వేర్వేరుగా సర్దుకుంటే ఒకరి కంప్యూటర్ దగ్గర మరొకరు పనిచేయలేరు. పాత ఫైళ్లతో సాధనకు ఇప్పటికే పూర్తయి, ముద్రించి ఉన్న చిన్న భవనం డ్రాయింగ్‌ను ఎంచుకోవడం మంచిది. గ్రిడ్ వేయడం నుంచి షీట్ తయారీ వరకు దాన్ని కొత్త వెర్షన్‌లో మళ్లీ చేస్తే, ఎక్కడ ఆగవలసి వస్తోందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ షీట్‌ను ముద్రించి పాత ముద్రణ పక్కన ఉంచి, స్కేలును కొలబద్దతో, గీతల మందాన్ని, అక్షరాల ఫాంటును, హ్యాచ్ (ఒక భాగాన్ని నింపే గీతల) సాంద్రతను కంటితో సరిపోల్చాలి. ఏదైనా తేడా ఉంటే అది సాధారణంగా కొత్త వెర్షన్ పాత సీటీబీ, పీసీ3 లేదా ఫాంటు ఫైళ్లున్న ఫోల్డర్‌ను చూడకపోవడం వల్లే వస్తుంది. ఆప్షన్స్‌లోని ఫైల్స్ ట్యాబ్‌లో ఆ ఫోల్డర్ల దారిని సరిచేసి, రెండు ముద్రణలూ ఒకేలా వచ్చిన తరువాతే అసలు ప్రాజెక్టు ఫైళ్లను కొత్త వెర్షన్‌లో తెరవాలి.