చేతిలో ఉన్న విద్యను ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ధర ఎంత పెట్టాలి, ఎలా ప్యాక్ చేయాలి? జాకెట్టు కటింగ్ కోర్సు ఉదాహరణతో

కుట్టు పని, మగ్గం వర్క్, మిద్దెతోట, పచ్చళ్లు, స్పోకెన్ ఇంగ్లిష్... ఏదో ఒక విద్య బాగా వచ్చినవాళ్లు చాలామంది ఇప్పుడు దాన్ని వీడియో కోర్సుగానో, పీడీఎఫ్‌గానో చేసి అమ్మాలనుకుంటున్నారు. తయారు చేసేదాకా పని బాగానే సాగుతుంది. ధర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. "యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంటే మన దగ్గర ఎవరు కొంటారు?" అనే భయంతో 99 రూపాయలు పెట్టేస్తారు. ఆ ధర అమ్మేవాళ్లనే కాదు, కొన్నవాళ్లనూ ముంచుతుంది. ఎలాగో జాకెట్టు కటింగ్ కోర్సును ఉదాహరణగా తీసుకుని లెక్కతో సహా చూద్దాం. మీ విద్య వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

1. ఒక్క పని తేల్చుకోండి

"సంపూర్ణ టైలరింగ్ కోర్సు" అని పెడితే చివరికి తన చేతికి ఏం వస్తుందో కొనే ఆవిడకు అర్థం కాదు. "ఆది జాకెట్టు (కొలతకు ఇచ్చే పాత జాకెట్టు) లేకుండా, ఒంటి కొలతలు తీసుకుని, 32 నుంచి 40 సైజు వరకు లైనింగ్ జాకెట్టు కత్తిరించి కుట్టడం" అని పెట్టండి. అది తనకు కావాలో వద్దో ఆవిడ చదవగానే తేల్చుకోగలదు.

యూట్యూబ్ భయానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. అక్కడ వీడియోలకు కొదవ లేదు. కానీ వీడియోలో చూపించేది 36 సైజు, చూసే ఆవిడది 38, పైగా భుజాలు సన్నం. చంక దగ్గర ఎంత తగ్గించాలో, డాటు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్టు) ఎంత జరపాలో ఆ వీడియోలో ఉండదు. కామెంట్‌లో అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకమూ లేదు. ఆవిడ డబ్బులిచ్చేది వరుసగా నేర్పినందుకు, తన ఒంటికి తగ్గ సవరణ చెప్పినందుకు, అడిగితే పలికే మనిషి ఉన్నందుకు. ఈ మూడూ మీ కోర్సులో లేకపోతే ఎంత తక్కువ ధర పెట్టినా దండగే.

2. ధరను రెండు వైపుల నుంచి లెక్క వేయండి

మొదట కొనే మనిషి వైపు నుంచి చూడండి. మీ ఊళ్లో లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 350 రూపాయలు అనుకుందాం. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం ఎలాగూ తనవే అనుకుంటే, సొంతంగా రెండు జాకెట్లు కుట్టుకుంటే 700 మిగులుతాయి. అంటే 499 పెట్టి నేర్చుకున్న ఆవిడకు రెండో జాకెట్టుతోనే డబ్బులు తిరిగొచ్చేసినట్టు. మీ పేజీలో ఈ లెక్క ఇలాగే రాయండి. "అద్భుతమైన కోర్సు" అనే మాట కంటే ఇది నమ్మకం కలిగిస్తుంది.

ఇప్పుడు మీ వైపు. చాలామంది వదిలేసే ఖర్చు ఒకటుంది: సందేహాలు తీర్చే సమయం. ఒక్కొక్కరికి వాట్సాప్‌లో 20 నిమిషాలు పడుతుందనుకోండి. మిషన్ మీద కూర్చుంటే మీకు గంటకు 150 వస్తుంటే, ఆ 20 నిమిషాల ఖరీదు 50 రూపాయలు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును మీ ఖాతాకు చేర్చే సంస్థ) రుసుము 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ అనుకుందాం.

499కి అమ్మితే గేట్‌వేకి సుమారు 12, సందేహాలకు 50 పోను 437 మిగులుతాయి. 99కి అమ్మితే రెండుంపావు పైచిలుకు గేట్‌వేకి, 50 సందేహాలకు పోను మిగిలేది 47 లోపే. అంటే ఒక్క 499 అమ్మకంతో వచ్చేది 99 ధరలో రావాలంటే తొమ్మిది మందికి పైగా కొనాలి. ఆ తొమ్మిది మందికీ సందేహాలుంటాయి! నెల తిరిగేసరికి జవాబులు చెప్పే ఓపిక పోతుంది, గ్రూపులో ప్రశ్నలు అలాగే ఉండిపోతాయి, కొన్నవాళ్లు నేర్చుకోకుండానే మానేస్తారు. తక్కువ ధర కొన్నవాళ్లనూ ముంచుతుందన్నది ఇందుకే.

ఉత్త యూపీఐతో తీసుకుంటే గేట్‌వే ఖర్చు కూడా ఉండదు. మొదటి కొన్ని అమ్మకాలకు అదే చాలు. అయితే కొన్నవాళ్లు పంపే స్క్రీన్‌షాట్ చూసి ఫైలు పంపేయకండి. మీ ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే పంపండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారు చేయడం ఇప్పుడు చాలా తేలిక.

సొంత యాప్ చేయిద్దామనే ఆలోచన ఉంటే మాత్రం నిదానించండి. యాప్ లోపల డిజిటల్ కోర్సు అమ్మితే చిన్న వ్యాపారుల దగ్గర కూడా గూగుల్, యాపిల్ మామూలుగా 15 శాతం తీసుకుంటాయి. 499లో అది దాదాపు 75 రూపాయలు.

పన్ను సంగతి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవలు అమ్మేవారి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ తరహా రికార్డెడ్ కోర్సు మీద రేటు 18 శాతం. ఆ గీత దాటాక కూడా అదే 499 ఉంచితే అందులో 76 రూపాయలు పన్నుకే పోతాయి. దానికి దగ్గర పడుతున్నప్పుడే ఆడిటర్‌ని కలిసి ధర సవరించుకోండి.

3. రెండు ప్యాకేజీలతో మొదలుపెట్టండి

మూడు నాలుగు రకాలు పెడితే కొనేవాళ్లు తేల్చుకోలేక వెళ్లిపోతారు. నేనైతే ఇలా పెడతాను:

- రూ. 499: వీడియో పాఠాలు, ప్రింట్ తీసుకునే కటింగ్ నమూనాలు, కొలతల పట్టిక, వాట్సాప్‌లో నెల రోజులు సందేహాలు.
- రూ. 1,499: పైవన్నీ, ఇంకా నాలుగు ఆదివారాలు లైవ్ క్లాసు. వాళ్లు కత్తిరించిన గుడ్డను కెమెరాలో చూసి మీరు సరిచేస్తారు. 15 మందికి మాత్రమే.

ఇక్కడ 15 అనేది నిజం సంఖ్య కావాలి. గంటన్నర క్లాసులో ఒక్కొక్కరి గుడ్డ చూడటానికి ఆరు నిమిషాలు పడితే అంతకు మించి కుదరదు. సీట్లు ఎందుకు తక్కువో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

తక్కువ ధర ప్యాకేజీలోంచి అవసరమైనది తీసేసి, పైదాన్ని కొనిపించే పని చేయకండి. 499 కట్టిన ఆవిడకు జాకెట్టు వచ్చి తీరాలి. 1,499 కట్టిన ఆవిడకు మీ కంటి ముందు త్వరగా, తప్పు లేకుండా రావాలి. తేడా అదే.

బోనస్‌ల పేరుతో మెహందీ డిజైన్లు, వంటల పీడీఎఫ్ కలపడం కూడా నాకు నచ్చదు. వాటివల్ల కోర్సు విలువ పెరగదు, అసలు సరుకు మీద అనుమానం మాత్రం పెరుగుతుంది.

ఎన్నడూ అమ్మని 4,999 ధరను కొట్టేసి పక్కన 499 రాయడం, పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ మొదటి నుంచి నడిచే "ఇంకా 10 నిమిషాలే" గడియారం పెట్టడం చాలాచోట్ల కనిపిస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతుల పేర్లున్నాయి. లేని తొందర పుట్టించడం, ముందు తక్కువ చూపించి కట్టేటప్పుడు ఒక్కొక్కటిగా ఖర్చులు కలపడం, అడగనిది బుట్టలో వేసేయడం వాటిలో కొన్ని. చట్టం సంగతి అలా ఉంచినా, మీ దగ్గర కొనేది మీ అక్కచెల్లెళ్ల లాంటివాళ్లు. చివరి మొత్తం ఎంతో మొదటే చెప్పండి.

4. ఫోన్‌లో చదివేలా, జిరాక్స్ షాపులో సరిగ్గా వచ్చేలా తయారు చేయండి

కొన్నవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే. ఏ4 పేజీలో రెండు కాలమ్‌లుగా చిన్న అక్షరాలు పెడితే వేలితో పెద్దది చేస్తూ అటూ ఇటూ జరుపుతూ విసుగెత్తిపోతారు. ఒకే కాలమ్, పెద్ద అక్షరం పెట్టండి. వరుసల మధ్య ఎడం బాగా ఉండాలి, లేకపోతే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. డీటీపీ షాపుల్లో వాడే అనూ ఫాంట్లలో కాకుండా, ఫోన్‌లో మామూలుగా తెలుగు టైప్ చేసే యూనికోడ్‌లో టైప్ చేయండి. అప్పుడు "చంక" అని వెతికితే ఆ పేజీ దొరుకుతుంది. మండలి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి, అమ్మే పుస్తకాల్లో వాడుకోవచ్చు.

కటింగ్ నమూనాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జిరాక్స్ షాపులో ప్రింటర్ సెట్టింగ్ "ఫిట్ టు పేజ్" మీద ఉందనుకోండి, నమూనా మొత్తం కొంచెం కుంచించుకుపోయి వస్తుంది. చూస్తే తెలియదు. 5 శాతం తగ్గినా 36 అంగుళాల ఛాతీ 34 దగ్గరికి వచ్చేస్తుంది. గుడ్డ కత్తిరించి, కుట్టి, తొడుక్కున్నాక గానీ బయటపడదు. అప్పటికి పట్టు గుడ్డ పాడైపోయి ఉంటుంది, ఆవిడ మిమ్మల్నే అంటుంది. అందుకే మొదటి పేజీలో రెండు అంగుళాల చదరపు గడి ఒకటి గీసి, కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: "యాక్చువల్ సైజ్ అని చెప్పి ముందు ఈ ఒక్క పేజీ ప్రింట్ తీయించండి. గడిని స్కేలుతో కొలవండి. సరిగ్గా 2 అంగుళాలు వస్తేనే మిగతావి తీయించండి." పేజీలు అతికించే చోట్ల 1-1, 2-2 అని అంకెలు వేయండి. తొలి జాకెట్టు పాత చీర ముక్క మీదే కత్తిరించమని చెప్పండి.

వీడియోలకు ఫోన్‌ను నిలువు స్టాండుకు బిగించి బల్ల మీదికి నేరుగా చూసేలా పెట్టండి. ఖాకీ కాగితం మీద నల్ల మార్కర్‌తో గీస్తే గీత స్పష్టంగా పడుతుంది. గుడ్డ మీద సుద్ద గీత కెమెరాలో ఆనదు. గంట పాఠం ఒకటి కాకుండా అయిదు నుంచి పది నిమిషాల ముక్కలు చేసి, "03 చంక గీయడం", "04 ముందు భాగం డాట్లు" అని పేర్లు పెట్టండి. కత్తెర చేతిలో పట్టుకుని మళ్లీ చూసుకునేవాళ్లకు కావాల్సిన చోటు వెంటనే దొరకాలి.

వీడియో వెనకాల సినిమా పాట పెట్టకండి. గూగుల్‌లో దొరికిన డిజైన్ ఫొటోలు పుస్తకంలో వాడకండి. ఇంకొకరి హక్కులవి. మీ పాఠాల మీద హక్కు మాత్రం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తయారు చేసినప్పటి నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. టెలిగ్రామ్‌లో లీకులను పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదు. ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు, ఆర్డర్ నంబరు ముద్రిస్తే చాలామంది ఇతరులకు పంపడానికి వెనకాడతారు. అంతకు మించి దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

5. డబ్బు కట్టకముందే అన్నీ కనిపించాలి

అమ్మే పేజీలో ఒక పాఠం పూర్తిగా ఉచితంగా పెట్టండి. అది మీ పాఠాలన్నిట్లోకీ మంచిది కావాలి. ఎవరికి పనికొస్తుందో రాసినట్టే ఎవరికి పనికిరాదో కూడా రాయండి: మిషన్ తొక్కడం రానివాళ్లకు కాదు, ప్రిన్సెస్ కట్ ఇందులో లేదు, అని. మీ పేరు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన నంబరు, డబ్బు వాపసు నియమం ఉండాలి. ఇవి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు అడిగేవే. వాపసు నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి: "ఏడు రోజుల్లోపు మొదటి మూడు పాఠాలు చూసి నచ్చలేదంటే పూర్తి డబ్బు వాపసు." నియమం పెట్టాక అడిగినవాళ్లకు వాదించకుండా ఇచ్చేయండి.

6. విదేశాల్లోని తెలుగువాళ్లకు వేరే ధర

అమెరికాలో జాకెట్టు కుట్టించుకోవడం ఖరీదు, మనిషి దొరకడమూ కష్టం. వాళ్లకు 19 డాలర్లు పెట్టినా న్యాయమే. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది గానీ, విదేశాల నుంచి ఇక్కడి అమ్మకందారులకు డబ్బు తీసుకునే దారిగా కొనసాగింది. లైవ్ క్లాసు ఆదివారం ఉదయం ఏడున్నరకు పెడితే, వేసవి గడియారం (అక్కడ వేసవిలో గంట ముందుకు జరిపే సమయం) ప్రకారం డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిది అవుతుంది. పిల్లలు పడుకున్నాక కూర్చోవడానికి అనువైన వేళ.

7. ధర పెంచడానికి సమయం ఎప్పుడు?

మొదటి బ్యాచ్‌కి తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఏ తేదీ వరకో రాసి, ఆ తేదీన నిజంగానే ఆపండి. ఆ బ్యాచ్ నుంచి ఒక్కటే అడగండి: జాకెట్టు తొడుక్కుని ఫొటో పంపమని (ముఖం అక్కర్లేదు). సగం మంది కూడా పంపకపోతే ధర జోలికి వెళ్లకండి. ఎక్కడ ఆగిపోయారో ఫోన్ చేసి కనుక్కుని ఆ పాఠం మళ్లీ తీయండి. ఎక్కువమంది పంపితే, అనుమతి తీసుకుని ఆ ఫొటోలు పేజీలో పెట్టి తర్వాతి బ్యాచ్‌కి 599 చేయండి. పాతవాళ్లకు కొత్త పాఠాలు అదనపు డబ్బు లేకుండానే ఇవ్వండి, మీ కోర్సు గురించి పక్కింటివాళ్లకు చెప్పేది వాళ్లే.