పుంజా, పెట్టా? నాటుకోడి పిల్లను పోల్చుకునేదెలా

పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజే పుంజో పెట్టో తేల్చేద్దామని చూడకండి. నాటుకోడి పిల్లల్లో ఆ తేడా పైకి కనబడదు. పుంజు వృషణాలు ఒంటి లోపలే, వెన్నెముకకు ఆనుకుని ఉంటాయి. పెట్టకు మామూలుగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పెరుగుతుంది. బయటకు ఇద్దరికీ ఒకటే ద్వారం, రెట్టకైనా గుడ్డుకైనా.

ఆ ద్వారాన్ని వేళ్లతో విప్పి, లోపల గుండుసూది తలంత బొడిపెను చూసి వేరుచేసే విద్య జపాన్‌లో 1920ల్లో పుట్టింది. కొన్ని పెట్టపిల్లలకూ చిన్న బొడిపె ఉంటుంది, చిక్కంతా అక్కడే. చేయి తిరగనివాళ్లు నొక్కితే పేగు చిట్లుతుంది, కడుపులో మిగిలిన పచ్చసొన సంచి పగులుతుంది. ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు.

రెక్క ఈకలు చూసే పద్ధతి కూడా అన్ని జాతులకూ పనిచేయదు. ఈకలు నిదానంగా వచ్చే జన్యువు జెడ్ అనే లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి తన జెడ్‌ను మగపిల్లలకే ఇస్తుంది. అందుకే నిదానం జాతి పెట్టను, త్వరగా ఈకలొచ్చే జాతి పుంజుతో కలిపితేనే తొలిరోజు ఆడపిల్ల రెక్కలో పొడుగు ఈకలు, వాటి మొదళ్లను కప్పే పైకప్పు ఈకలను దాటి కనిపిస్తాయి, మగపిల్లకు రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. ఊళ్లో కలగలిసి తిరిగే కోళ్ల పిల్లల్లో దీన్ని నమ్ముకుంటే అంతా తప్పే. కోలగుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అనేది ఉత్త మాట.

మరి ఏం చేయాలి? ఒకే పొదుగు పిల్లల కాళ్లకు రంగుదారాలు వదులుగా కట్టండి. వారానికోసారి విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే కాలు లావెక్కి దారం కోసుకుపోతుంది. 5, 6 వారాలకు తురాయి ఎర్రబడి, కాళ్లు లావైనవి పుంజులు కావచ్చని పక్కన పెట్టుకోండి. ఇది అనుమానమే, తీర్పు కాదు. పందెంకోడి జాతి అసీల్ పోలిక ఉన్నవాటికి తురాయి పొట్టిగా ఉండి ఆలస్యంగా తేలుతుంది.

అసలు పరీక్ష 10 నుంచి 12 వారాలకు. తోకకు ముందు, నడుం మీది ఈకను వేలితో విడదీసి చూడండి. చివర బొటనవేలి గోరులా గుండ్రంగా ఉంటే పెట్ట. సన్నగా, మొనదేలి, నిగనిగలాడుతూ తోక పక్కలకు జారుతుంటే పుంజు. ఈకను గుండ్రం చేసేది ఆడ హార్మోను. అందుకే అండాశయం పాడైన ముసలిపెట్టకూ ఒక్కోసారి పుంజు ఈకలు వస్తాయి. కాలి వెనక ముల్లును నమ్మొద్దు, వయసొచ్చిన పెట్టలకూ మొలుస్తుంది.

పిల్లను పట్టుకునేటప్పుడు రొమ్ము బిగించకండి. కోడికి మనలా ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం పొర) లేదు, రొమ్మెముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. పట్టుకున్నప్పుడే మెడ అడుగున మేత సంచిని తడమండి. రాత్రి నిండుగా ఉన్నది తెల్లారేసరికి ఖాళీ కావాలి. పొద్దున కూడా గట్టిగా తగిలితే మేత అడ్డుపడినట్టే.

ఎప్పుడైనా కోడిని కోస్తే కార్జం, కందనకాయ తీశాక వెన్నెముక పక్కన చూడండి. చిక్కుడుగింజల్లాంటి తెల్లటి జత ఉంటే పుంజు. ఎడమవైపు మాత్రమే రవ్వ అంటించినట్టుంటే గుడ్లకు రాని పెట్ట.