కండ కడదాం – ఐదో పాఠం: కొవ్వు కరిగాకే కండ పడుతుందా?

మూడు వారాలుగా మీరు ఎత్తిన బరువుల లెక్క ఇప్పటికి నోటు పుస్తకంలోకి ఎక్కి ఉండాలి. దాన్ని దగ్గర పెట్టుకోండి, చివర్లో అవసరం.

బెంగళూరు మారతహళ్లిలో నేను నేర్పే జిమ్‌కు పీజీల్లో ఉండే తెలుగు కుర్రాళ్లు చాలా మంది వస్తారు. మొదటి రోజు అడిగేది ఒకటే: "అన్నా, ముందు పొట్ట తగ్గించుకోవాలా, కండ పెంచుకోవాలా?" అనంతపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడగకుండానే జవాబు తేల్చుకున్నాడు. రెండు నెలలు రాత్రి భోజనం మానేశాడు. ఏడు కిలోలు తగ్గాడు. పొట్ట కొంచెమే లోపలికి పోయింది కానీ భుజాలు బాగా సన్నబడ్డాయి. స్క్వాట్‌లో (భుజాల మీద బరువుతో కూర్చుని లేచే వ్యాయామం) ఇదివరకు ఎత్తిన అరవై కిలోలు ఇప్పుడు లేవడం లేదు. అతని ముఖం చూశాక ఈ పాఠాన్ని ముందుకు జరిపాను.

"ఒళ్లు సన్నబడితేనే కండ పడుతుంది" అన్న మాటకు ఒక మూలం ఉంది. గిల్బర్ట్ ఫోర్బ్స్ అనే అమెరికా వైద్యుడు మనుషుల బరువు మారినప్పుడు అందులో కొవ్వు ఎంత, కొవ్వు కానిది ఎంత అని లెక్కలు కట్టాడు. ఎక్కువ తిన్నప్పుడు సన్నని వాళ్లకు కొవ్వు కాని వాటా ఎక్కువగా పెరిగింది. జిమ్‌లలో ఈ ముక్క ఒక్కటే మిగిలింది. అవి బరువులు ఎత్తేవాళ్ల మీద కట్టిన లెక్కలు కావన్న సంగతి, కొవ్వు కానిదంతా కండ కాదు, నీరూ అవయవాలూ అందులోనివే అన్న సంగతి మరుగున పడ్డాయి. కండను పెరగమని పురిగొల్పేది మీరు ఎత్తే బరువు. ఒంట్లో కొవ్వు ఉన్నంత మాత్రాన ఆ పిలుపు ఆగదు.

అలాగని ఎంత కొవ్వున్నా ఒకటే అనను. ఊబకాయంలో ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది, మగవాళ్లలో కండకు తోడ్పడే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పడిపోవచ్చు. అయితే కొత్తగా బరువులు పట్టినవాళ్లకు ఆ కొవ్వే ఆసరా కూడా. కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలు దాగి ఉంటాయి. ప్రొటీన్ సరిపడా తింటే కొవ్వు తగ్గుతూనే కండ పెరుగుతుంది.

మనవాళ్లకు అసలు చిక్కు బరువు కాటాతోనే. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో వచ్చింది. పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎమ్ఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వు మోసే ఒళ్లు మనలో మామూలే. అందుకే కాటా పక్కన పెట్టి దర్జీ టేపుతో నడుము కొలవండి.

ఉదయం, ఏమీ తినకముందు, చొక్కా తీసి నిలబడండి. ఒక పక్కన చివరి పక్కటెముక కింది అంచును వేలితో తడమండి. అదే వైపు తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో చూడండి. రెండింటికీ నడిమధ్య పెన్నుతో చుక్క పెట్టండి. టేపు ఆ చుక్క మీదుగా నేలకు సమాంతరంగా పోవాలి. వీపు వైపు అది జారుతుంది, అద్దంలో చూసుకోండి. మామూలుగా గాలి వదిలి, పొట్ట లాగకుండా అంకె చదవండి. ప్యాంటు సైజును నమ్మకండి. మా అనంతపురం తమ్ముడు "ముప్పై రెండు అంగుళాలు అన్నా" అన్నాడు. అతను ప్యాంటు కట్టేది పొట్ట కింద. టేపు 92 సెంటీమీటర్లు చూపింది. అతని ఎత్తు 170 సెంటీమీటర్లు.

నడుము మీ ఎత్తులో సగం దాటితే, రోజూ ఖర్చయ్యే దానికన్నా 300 నుంచి 500 కిలోకేలరీలు తగ్గించి తినండి. బరువులు మాత్రం ఆపకండి. సగానికి బాగా తక్కువగా ఉంటే 200 నుంచి 300 పెంచండి. అటూ ఇటూగా ఉంటే ఇప్పుడు తినేదే తింటూ ప్రొటీన్ సరిచేయండి. ఎవరికైనా కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు (మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా పెంచవద్దు). అరవై కిలోల మనిషికి 96 గ్రాములు. మెస్సులో వడ్డించే పలచటి పప్పుతో అంత రాదు. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు యాభై. మా తమ్ముడికి రాత్రి భోజనం తిరిగి మొదలుపెట్టించాను. అన్నం సగానికి తగ్గించి, మూడు గుడ్లు చేర్చాం.

ఈ వారం పని: మూడు ఉదయాలు నడుము కొలిచి, సగటు తీసి, నోటు పుస్తకంలో బరువుల పక్కనే రాయండి. ఇక నుంచి వారానికోసారి ఆ రెండు అంకెలూ కలిపి చదవాలి. నడుము తగ్గుతూ బరువులు నిలబడితే దారి సరైనదే. వరసగా రెండు వారాలు బరువులు పడిపోతే తిండి మరీ కోసేశారన్నమాట, కొంచెం పెంచండి. వచ్చే పాఠంలో పీజీ తిండితో 96 గ్రాములు ఎలా చేరాలో పూటపూటకూ లెక్క వేద్దాం.